మెడ కదలనివ్వని చేతులు



రోడ్డు మీద ప్రమాదం జరిగిన మరుక్షణం మన దగ్గర ఏం జరుగుతుందో మీరు చూసే ఉంటారు. టీ కొట్టు దగ్గరున్నవాళ్లు, పక్క పొలంలో ఉన్నవాళ్లు, వెనకొస్తున్న లారీ డ్రైవరు, అందరూ పరుగెత్తుకొస్తారు. ఒకరు నీళ్ల సీసా మూత తీస్తారు. ఒకరు చంకల కింద చేతులు వేసి, ఇంకొకరు కాళ్లు పట్టుకుని, పడ్డ మనిషిని ఎత్తి దొరికిన ఆటోలో కూర్చోబెడతారు. అంతా మంచి మనసుతో చేసే పనే. ఆ హడావుడిలో ఎవరూ పట్టించుకోనిది ఒక్కటే, స్పృహ తప్పిన ఆ మనిషి తల. అది వెనక్కి వేలాడుతూ, ఆటో గతుకులో పడ్డప్పుడల్లా అటూ ఇటూ కొట్టుకుంటూ పోతుంది.

ఆ తలను మోసే మెడను కదలకుండా ఎలా కాపాడాలి, ఆ పని మన 108 అంబులెన్సు సిబ్బందికి ఎలా నేర్పాలి అన్నదే ఇవాళ్టి విషయం. అత్యవసర వైద్యం నేర్పే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఈ సంగతి మీతో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మన మెడలో ఏడు వెన్నుపూసలుంటాయి. వాటి మధ్యలోంచి వెన్నుపాము కిందికి దిగుతుంది. లావు చూస్తే చిటికెన వేలంత. కాళ్లూ చేతులూ కదపమని మెదడు చేసే ఆజ్ఞలూ, ఒంటికి తగిలిన స్పర్శా నొప్పీ అన్నీ దాని గుండానే నడవాలి. పై నుంచి లెక్కపెడితే మూడు, నాలుగు, ఐదు స్థాయిల్లో బయల్దేరే నరాలు ఊపిరితిత్తుల అడుగున ఉండే డయాఫ్రం అనే పెద్ద కండరాన్ని ఆడిస్తాయి. వెన్నుపాము వాటికి పైన తెగితే మనిషి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. వాటికి కింద దెబ్బతింటే డయాఫ్రం ఆడుతుంది కానీ పక్కటెముకల మధ్య కండరాలు పనిచేయవు. అప్పుడు ఛాతీ కదలదు, పొట్ట ఒక్కటే లేస్తూ పడుతూ ఉంటుంది. చొక్కా గుండీలు విప్పి ఆ పొట్ట ఊపిరిని చూడగానే గుర్తుపట్టడం శిక్షణలో మొదటి మెట్లలో ఒకటి. రెండోది నాడి. రక్తం బాగా పోయిన మనిషికి బీపీ పడిపోతే నాడి వేగంగా కొట్టుకుంటుంది, ఒళ్లు చల్లబడుతుంది. వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి బీపీ పడిపోయినా నాడి నెమ్మదిగానే ఉండవచ్చు, చర్మం వెచ్చగా ఉండవచ్చు. ఈ తేడా తెలియని వాళ్లు అంతా బాగానే ఉందనుకుంటారు.

దెబ్బ తగిలిన క్షణంలో జరిగిన నష్టాన్ని ఎవరూ వెనక్కి తీసుకురాలేరు. ఆ తర్వాత జరిగే నష్టం వేరే. వాపు, ప్రాణవాయువు తగ్గడం, బీపీ పడిపోవడం, విరిగిన పూస అటూ ఇటూ జరగడం. అందులో మన చేతుల్లో ఉన్నదెంతో కొంత ఉంది. మెడకు సంబంధించిన శిక్షణంతా ఆ కొంత కోసమే.

ఇది ఎంతమందికి అవసరమో చెప్పడానికి ఒక్క అంకె చాలు. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44 శాతం పైచిలుకు ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవాళ్లే. చావు తప్పి గాయాలతో బయటపడ్డవాళ్లు ఇంతకంటే చాలా ఎక్కువ. మెడ దెబ్బలు రోడ్ల మీదే తగులుతాయనీ అనుకోవద్దు. తెలంగాణ పల్లెల్లో తాటిచెట్టు మీంచి జారిన గీత కార్మికుల గురించి మనకు తెలుసు. మోకు జారితే అంత ఎత్తు నుంచి పడ్డ మనిషి వెన్ను నిలవడం కష్టం. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీతన్నలకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది, అది ఎంతో మంచి పని. ఇక ఎండాకాలం సెలవుల్లో లోతు చూసుకోకుండా బావిలోకీ, కాలవలోకీ తలకిందులుగా దూకే పిల్లలు, సెంట్రింగు కర్రల మీంచి పడే భవన కార్మికులు. వీళ్లందరి దగ్గరికీ ముందు చేరేది మన 108 వాహనమే.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈ సేవ మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి తర్వాత ఎన్నో రాష్ట్రాలకు పాకింది. సికింద్రాబాద్ దాటాక మేడ్చల్ దారిలో దేవరయాంజాల్‌లో ఉన్న, ఈ సేవను మొదలుపెట్టిన ఈఎంఆర్ఐ సంస్థ ప్రాంగణంలో వేలమంది శిక్షణ పొందారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వైద్యులు కూడా ఆ పాఠ్యక్రమంలో పాలుపంచుకున్నారు. వాహనంలో ఉండేది ఇద్దరు. చికిత్స చేసే ఈఎంటీ, బండి నడిపే పైలట్. ఈ ఇద్దరు అన్న మాట గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

మెడను కదలకుండా ఉంచడం అనగానే మీ కళ్ల ముందు మెదిలేది ఆ గట్టి ప్లాస్టిక్ కాలర్, మనిషిని బెల్టులతో కట్టేసే పొడవాటి బల్ల. దీనికో చరిత్ర ఉంది. అమెరికాలో ఫారింగ్టన్ అనే ఎముకల సర్జన్ 1950ల చివర్లో షికాగో అగ్నిమాపక సిబ్బందికి గాయపడ్డవాళ్లను ఎలా చూసుకోవాలో నేర్పారు. 1967లో ఆయన ప్రచురించిన వ్యాసం పేరుకు అర్థం గుంటలో చావు. కారు గుంటలో పడి, బతకాల్సిన మనుషులు సాయం రాకా, వచ్చిన సాయం సరిగా లేకా పోతున్నారని ఆయన ఆవేదన. పొడవాటి బల్లలు వాడి మనిషిని నలిగిన కారులోంచి బయటికి తీసే పద్ధతిని ఆయన ప్రచారంలోకి తెచ్చారు. గమనించండి, ఆ బల్ల ఉద్దేశం కారులోంచి బయటికి తీయడం. రాన్రాను అదే ఆసుపత్రి దాకా మోసుకెళ్లే పడకైపోయింది. కింద పడ్డవాడెవడైనా సరే కాలర్ వేయాలి, బల్లకు కట్టాలి అన్నది చాలా దేశాల్లో నియమమైపోయింది.

ఆ నియమానికి రుజువు ఎక్కడుందని కొందరు అడగడం మొదలుపెట్టారు. 1998లో హాస్వాల్డ్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. అమెరికాలోని న్యూ మెక్సికోలో వెన్ను గాయాలతో ఆసుపత్రికి వచ్చిన 334 మందికీ దారిలో బల్లా కాలరూ వేశారు. మలేషియాలోని కౌలాలంపూర్‌లో అలాంటి గాయాలతోనే వచ్చిన 120 మందిలో ఒక్కరికీ వేయలేదు. చివరికి నరాల నష్టం ఎక్కువగా కనిపించింది కట్టి తెచ్చిన న్యూ మెక్సికో వాళ్లలో. అది చిన్న పరిశోధన, దాని మీద అభ్యంతరాలు చాలా వచ్చాయి, దాన్నిబట్టి కాలర్లు పారేయమని నేను అనను. కానీ 2001లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ ఉన్న పరిశోధనలన్నీ వెదికినప్పుడు, ఇలా కట్టడం వల్ల మేలుందా లేదా అని గాయపడ్డవాళ్ల మీద సరైన పద్ధతిలో పోల్చి చూసిన పరీక్ష ఒక్కటీ దొరకలేదు. 2010లో అమెరికాలో కత్తిపోట్లు, తూటా గాయాలు తగిలిన 45 వేల మందికి పైగా రికార్డులు పరిశీలిస్తే, వెన్ను కట్టి తెచ్చినవాళ్లలో మరణాలు దాదాపు రెట్టింపు కనిపించాయి. రక్తం కారిపోతున్న మనిషిని బల్లకు బిగిస్తూ గడిపే నిమిషాలు ఎంత ఖరీదైనవో దాన్నిబట్టి ఊహించవచ్చు.

కాలర్‌తో వచ్చే ఇబ్బందులూ ఉన్నాయి. బిగుతుగా ఉంటే మెడలోని సిరలు నొక్కుకుపోయి తలలోపలి ఒత్తిడి పెరుగుతుంది. తల పగిలిన మనిషికి అదే ప్రాణాంతకం కావచ్చు. నోరు పూర్తిగా తెరుచుకోదు, వాంతి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గంటల తరబడి ఉంటే గడ్డం కింద, తల వెనక పుండ్లు పడతాయి. ఇవన్నీ చూశాక 2015లో అంతర్జాతీయ పునరుజ్జీవన సంఘాల సమాఖ్య, ప్రథమ చికిత్స చేసే మామూలు జనం కాలర్లు వేయకపోవడమే మంచిదని చెప్పింది. 2018లో అమెరికా సర్జన్ల, ఎమర్జెన్సీ వైద్యుల సంఘాలు కలిసి ప్రకటించిన విధానం మనిషిని కట్టిపడేయడం గురించి మాట్లాడటం తగ్గించి, వెన్ను కదలికను పరిమితం చేయడం గురించి మాట్లాడింది. డెన్మార్క్‌లో ఇంకా ముందుకెళ్లి గట్టి కాలర్లు వాడకపోవడమే మేలన్నారు.

ఇవన్నీ విని కొందరు కొత్త ఈఎంటీలు, అయితే కాలర్ మానేద్దామా సార్ అని అడుగుతారు. వాళ్లకు నేను చెప్పేదే మీకూ చెబుతున్నాను. మన దగ్గర పరీక్షల్లో, తనిఖీల్లో అడిగే ప్రశ్న కాలర్ వేశారా లేదా అని. అడగాల్సింది మెడ కదిలిందా లేదా అని. ప్రపంచంలో వాదం నడుస్తున్నది సామాను గురించి. విరిగిన మెడ కదలకూడదన్న దాని గురించి పెద్దగా వాదం లేదు. మెడను అన్నిటికంటే బాగా నిలపగలిగేది శిక్షణ ఉన్న రెండు చేతులు. కాలర్ ఆ చేతులకు తోడు.

ఆ చేతులు ఏం చేయాలో కొంచెం దగ్గరగా చూద్దాం.

మనిషి వెల్లకిలా పడి ఉన్నాడనుకోండి. ఈఎంటీ కాళ్ల వైపు నుంచి, అతని కళ్లకు ఎదురుగా రావాలి. తల వెనక నుంచి వచ్చి పిలిస్తే, ఎవరా అని ఆ మనిషి తల తిప్పుతాడు. అన్నా, కదలకండి, నేను 108 నుంచి వచ్చాను అని ముందే చెప్పాలి. మన ప్రాంతంలో ఇంకో జాగ్రత్త కావాలి. ఏదైనా అడిగితే మనం నోటితో చెప్పం, తలాడిస్తాం. అవునన్నా తలే, కాదన్నా తలే. అందుకే ప్రశ్న అడిగే ముందే, తాతా, తల ఊపొద్దు, నోటితో చెప్పు అనాలి. ఇంగ్లిషు పాఠ్యపుస్తకాల్లో ఈ మాటకు ఇంత బరువు ఉండదు. మన శిక్షణ కేంద్రాల్లో మొదటి రోజే నేర్పాల్సిన మాట ఇది.

ఆ తర్వాత తల దగ్గర మోకరిల్లి, మోచేతులు నేలకు ఆనించి, రెండు అరచేతులూ తలకు రెండు పక్కలా పెట్టాలి. వేళ్లు విప్పారి ఉండాలి. చెవులు మూయకూడదు, మన మాట అతనికి వినపడాలి. మోచేతులు ఆనించకపోతే కాసేపటికే చేతులు వణుకుతాయి, ఆ వణుకు మెడకు చేరుతుంది. ముక్కు బొడ్డుకు సూటిగా వచ్చేలా తలను మెల్లగా మధ్యకు తేవాలి. తెచ్చేటప్పుడు నొప్పి పెరిగినా, తిమ్మిరి పెరిగినా, మెడ ఎదురుతిరిగి బిగుసుకున్నట్టు అనిపించినా అక్కడే ఆపేసి, ఉన్న వంకరలోనే పట్టుకోవాలి. వెన్నుపూసలు అతుక్కుపోయి ఏళ్లుగా ముందుకు వంగిన ముసలివాళ్ల మెడను కాలర్ కోసం బలవంతంగా నిటారు చేస్తే అక్కడే విరగవచ్చు. అలాంటివాళ్లకు చుట్టిన దుప్పట్లు, తువ్వాళ్లు రెండు పక్కలా, తల కిందా సర్దడమే సరైన చికిత్స.

చేతులు ఒకసారి పెట్టాక ఇంకొకరు అందుకునేదాకా తీయకూడదు. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఫోన్ మోగుతుంది, ఎవరో పిలుస్తారు, ఒక చెయ్యి తెలియకుండానే లేస్తుంది.

కాలర్ సైజు వేళ్లతో కొలుస్తారు. భుజం పై అంచు నుంచి గడ్డం కింది గీత దాకా ఎన్ని వేళ్లు పడతాయో చూసి, అన్నే వేళ్లు కాలర్ మీద గుర్తు దగ్గర నుంచి గట్టి ప్లాస్టిక్ కింది అంచు దాకా పెట్టి చూడాలి. కింద వేలాడే మెత్తని స్పాంజిని లెక్కలోకి తీసుకోకూడదు. పెద్ద సైజు వేస్తే గడ్డం పైకి లేచి మెడ వెనక్కి విరుగుతుంది. చిన్నది వేస్తే గడ్డం కిందికి జారుతుంది. రెండూ మెడను కదిపేవే. వేసే ముందు మెడంతా వేళ్లతో తడిమి చూడాలి, ఎందుకంటే వేశాక కనపడదు. ఆడవాళ్లయితే కొప్పు, ప్లాస్టిక్ క్లిప్పు, లావుపాటి జడ తల వెనక ఎత్తుగా ఉండి, పడుకోబెట్టగానే గడ్డాన్ని ఛాతీ వైపు నెడతాయి. క్లిప్పు తీసి, జడను పక్కకు సర్దాలి. జుంకాలు, మెడలోని గొలుసులు కాలర్ కింద నొక్కుకుపోకుండా తీసి, లెక్క రాసి, ఇంటివాళ్లకు అప్పగించాలి. మంగళసూత్రం తీయడానికి బంధువులు జంకుతారు. వాళ్లతో ఒక్క మాట నెమ్మదిగా, గౌరవంగా చెప్పి, కుదరకపోతే ప్లాస్టిక్‌కూ చర్మానికీ మధ్య పడకుండా పక్కకు జరపడం కూడా నైపుణ్యమే.

స్పృహ లేని మనిషికి ఊపిరి దారి తెరవాలంటే మామూలుగా నుదురు వెనక్కి నొక్కి గడ్డం ఎత్తుతాం. మెడ దెబ్బ అనుమానం ఉన్నప్పుడు అలా చేయరు. దవడ వంపు వెనక వేళ్లు పెట్టి దవడను మాత్రమే ముందుకు లేపుతారు. తల పెద్దగా కదలదు, నాలుక లేస్తుంది. అలా లేపినా దారి తెరుచుకోకపోతే? అప్పుడు ఊపిరే ముందు. మెడ కాపాడబోయి ఊపిరి పోగొట్టడంలో అర్థం లేదు. అలాగే కాలు తెగి రక్తం ధారగా కారుతుంటే ముందు ఆ రక్తం ఆపాలి. ఈ వరసను చేతులకు అలవాటు చేయాలంటే, శిక్షణలో మెడ పాఠం, రక్తం పాఠం, ఊపిరి పాఠం విడివిడిగా పెట్టడం మానాలి. రోడ్డు మీద అవన్నీ ఒకే మనిషి ఒంటి మీద ఉంటాయి.

హెల్మెట్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ముఖమంతా కప్పే హెల్మెట్‌ను చుట్టుపక్కలవాళ్లు లాగి పారేయడం మనం చూస్తుంటాం. అది ఇద్దరు చేయాల్సిన పని. ఒకరు తల వైపు నుంచి హెల్మెట్‌నూ దవడనూ కలిపి పట్టుకుంటారు. రెండోవారు పట్టీ విప్పి, ఒక చెయ్యి గడ్డం దగ్గర, ఇంకో చెయ్యి తల వెనక పెట్టి బరువు మోస్తారు. అప్పుడు మొదటివారు హెల్మెట్ అంచులు రెండు పక్కలకూ వెడల్పు చేసి, ముక్కు తగలకుండా కొంచెం వంచి, మెల్లగా జారుస్తారు. అది బయటికి వచ్చాక తల ధబ్బున కింద పడకుండా చూసుకోవాలి. పెద్దవాళ్లకు తల కింద రెండు సెంటీమీటర్ల ఎత్తున మడత పెట్టిన గుడ్డ ఉంటే మెడ సూటిగా నిలుస్తుంది. చిన్న పిల్లలకు తల వెనకభాగం పెద్దది కాబట్టి ఆ గుడ్డ భుజాల కింద పెట్టాలి.

మనిషిని పక్కకు దొర్లించి బల్ల జరపాలంటే కనీసం నలుగురు కావాలి. ఇందాక గుర్తుంచుకోమన్నది ఇందుకే. మన వాహనంలో ఉండేది ఇద్దరే. మిగతా ఇద్దరినీ ఆ గుంపులోంచే తీసుకోవాలి. అందుకే ఈఎంటీకి చేతి పనితో పాటు నోటి పని కూడా నేర్పాలి. మీరు, ఎర్ర చొక్కా అన్నా, ఇక్కడ నడుము దగ్గర మోకాళ్ల మీద కూర్చోండి. తల నా చేతిలో ఉంది. మూడు అన్నప్పుడు అందరం కలిసి మన వైపు తిప్పుదాం, అంతకు ముందు ఎవరూ కదపొద్దు. ఇలా స్పష్టంగా, గట్టిగా, కోపం లేకుండా చెప్పగలగాలి. ఆజ్ఞ ఎప్పుడూ తల పట్టుకున్నవారిదే. పరాయివాళ్లయినా చెప్పింది చెప్పినట్టు చేస్తారు, వాళ్లు వచ్చిందే సాయం చేయడానికి. మధ్యలోంచి రెండుగా విడిపోయే స్కూప్ స్ట్రెచర్ ఉంటే ఇంకా మేలు, మనిషిని కొద్దిగా వంచితే చాలు. బల్ల మీదికి చేర్చాక ముందు ఒంటికి బెల్టులు, ఆఖరున తలకు. తల ముందు బిగిస్తే, బండి బ్రేకు వేసినప్పుడు ఒళ్లు జారి ఆ బరువంతా మెడ మీద పడుతుంది.

పైలట్‌కు మెడ పాఠం ఎందుకు అనేవాళ్లున్నారు. చాలా సందర్భాల్లో తల పట్టుకునేది అతనే. పట్టుకోనప్పుడు స్టీరింగు అతని చేతిలో ఉంటుంది. స్పీడు బ్రేకరు దగ్గర ఎంత నెమ్మదిగా ఎక్కించాలన్నది కూడా మెడ చికిత్సే. ఇద్దరికీ ఒక జట్టుగా, కలిపి తర్ఫీదు ఇవ్వాలి.

ఇప్పుడు ఎవరికి ఇదంతా చేయాలి, ఎవరికి అక్కర్లేదు అన్న ప్రశ్న. 2000లో అమెరికాలో నెక్సస్ అనే పెద్ద పరిశోధన వచ్చింది. 34,069 మందిని చూశారు. మెడ వెనక మధ్యలో నొక్కితే నొప్పి లేదు, కాళ్లూ చేతుల్లో బలహీనత గానీ తిమ్మిరి గానీ లేదు, పూర్తి మెలకువలో ఉన్నాడు, తాగి లేడు, దృష్టి మళ్లించేంత బాధ పెట్టే ఇంకో పెద్ద గాయం లేదు. ఈ ఐదూ సరిపోతే మెడ విరిగి ఉండే అవకాశం చాలా తక్కువని తేలింది. మరుసటి ఏడాది కెనడాలో స్టీల్ బృందం 8,924 మందిని పరిశీలించి ఇంకో నియమం ఇచ్చింది. అందులో 65 ఏళ్లు, ఆ పైన వయసు, పడ్డ తీరు, తిమ్మిర్లు, చివరికి తనంతట తాను తల రెండు వైపులా 45 డిగ్రీలు తిప్పగలగడం లెక్కలోకి వస్తాయి. డాక్టర్ల కోసం తయారైన ఆ నియమాన్ని ఆటవా పారామెడిక్కులకు నేర్పి చూస్తే వాళ్లూ నమ్మకంగా వాడగలిగారు.

మన ఈఎంటీలు కూడా వాడగలరని నా గట్టి నమ్మకం. అయితే మన పరిస్థితి మనది. ఏజెన్సీ గ్రామం నుంచి జిల్లా ఆసుపత్రికి గంటకు పైగా ప్రయాణం ఉండవచ్చు. రాత్రిపూట ప్రమాదాల్లో తాగి ఉన్నవాళ్లు ఎందరో. వాళ్లకు నొప్పి లేదన్న మాటను నమ్మకూడదు. కాబట్టి నియమం నేర్పాలి, దానితో పాటు ఏ సందర్భంలో ఆ నియమం పనిచేయదో కూడా అంతే గట్టిగా నేర్పాలి. అనుమానం ఉంటే కాపాడే వైపే మొగ్గాలి. ఇంకో సంగతి కూడా తేలింది. కారులో ఉన్న మనిషి మెలకువగా ఉండి, తనంతట తాను దిగగలిగితే, సిబ్బంది లాగి తీసినదానికంటే మెడ తక్కువ కదులుతుందని ఇంగ్లండులో, ఇంకా పలుచోట్ల జరిగిన ప్రయోగాల్లో చూశారు. పాత పాఠాలు చెప్పే మాకు దీన్ని ఒప్పుకోవడం తేలిక కాలేదు గానీ, ఒప్పుకుని నేర్పాలి.

శిక్షణ ఎలా ఉండాలి? ఏసీ గదిలో, టైల్స్ నేల మీద, కదలని బొమ్మకు కాలర్ వేయడం ఎవరికైనా వస్తుంది. బొమ్మ తలాడించదు, వాంతి చేసుకోదు, అమ్మా అని అరవదు. తోటి విద్యార్థిని నేల మీద పడుకోబెట్టి వేయించాలి. ప్రతి ఒక్కరూ కాలర్ వేసుకుని, బల్ల మీద కట్టించుకుని అరగంట పడుకోవాలి. తల వెనక ఎముక ఎలా మండుతుందో, పైకప్పు తప్ప ఏమీ కనపడకుండా పడుకుంటే గుండె ఎలా దడదడలాడుతుందో అప్పుడే తెలుస్తుంది. అది తెలిసిన ఈఎంటీ దారిలో రోగితో మాట్లాడుతూ ఉంటాడు, బల్ల మీద అనవసరంగా ఒక్క నిమిషం ఉంచడు. ఆటో కిందా, పంట కాలవ గట్టు మీదా, చీకట్లో టార్చి వెలుగులో, వానలో అభ్యాసం చేయించాలి. నేర్చుకున్నది వాడకపోతే కొన్ని నెలల్లోనే చేతులు మరిచిపోతాయి, కాబట్టి చేరినప్పుడు ఒకసారి నేర్పి వదిలేస్తే చాలదు. ఏడాదిలో కనీసం రెండు మూడు సార్లు, పని గంటల్లోనే, జీతం కోయకుండా, మళ్లీ చేతులు పెట్టించి చూడాలి. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం ప్రత్యేక చట్టం చేసింది. పారామెడిక్ అన్న వృత్తికి గుర్తింపు దక్కే దారి అందులో ఉంది. ఆ గుర్తింపుతో పాటు ఈ మళ్లీమళ్లీ శిక్షణ కూడా హక్కుగా రావాలి.

ఆసుపత్రివాళ్లకూ ఒక మాట. గంట ప్రయాణంలో ఇద్దరు మనుషులు కంటికి రెప్పలా కాపాడి తెచ్చిన మెడను, స్ట్రెచర్ మీంచి మంచం మీదికి దుప్పటి పట్టి ఒక్క గుంజు గుంజితే ఏం మిగులుతుంది? ఎమర్జెన్సీ గుమ్మం దగ్గరుండే వార్డు సిబ్బందికి కూడా ఇదే పాఠం, ఇదే లెక్కన చెప్పాలి. ఈఎంటీ తల పట్టుకుని మూడు లెక్కపెడుతుంటే డాక్టరైనా ఆగాలి.

ఇక శ్రోతలకు నా విన్నపం. ప్రమాదం చూస్తే ఆగండి. సాయం చేసినవాళ్లను పోలీసు కేసుల్లో వేధించకూడదని 2016 మార్చి 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2019 మోటారు వాహనాల చట్ట సవరణలో 134ఏ సెక్షన్‌గా ఆ రక్షణ చేరింది. మీ పేరు చెప్పమని ఎవరూ బలవంతం చేయలేరు. ముందు వెనకొచ్చే వాహనాలను ఆపించండి, 108కి ఫోన్ చేయండి, రక్తం కారుతుంటే గుడ్డతో గట్టిగా నొక్కండి. నిప్పో, మీదికొచ్చే లారీయో లాంటి ప్రమాదం లేకపోతే మనిషిని ఉన్నచోటే ఉంచండి. నీళ్లు తాగించకండి, కూర్చోబెట్టకండి, హెల్మెట్ లాగకండి. ఊపిరి ఆడుతోందో లేదో చూస్తూ, తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో తలను ఉన్నది ఉన్నట్టు పట్టుకుని, కదలకు తమ్ముడూ, బండి వస్తోంది అని చెబుతూ ఉండండి. 108 సిబ్బంది వచ్చి ఆ తలను తమ చేతుల్లోకి తీసుకునేదాకా వదలకండి.